ఆరోగ్య పేజీల సంపాదకులకు: ఆ 18 శాతం దేనిమీద?

పత్రికల్లో ఆరోగ్యం పేజీ చూసే సంపాదకులకు, టీవీల్లో ఆరోగ్య కార్యక్రమాలు నడిపే నిర్మాతలకు, వెబ్‌సైట్లలో ఆ వార్తలకు హెడ్డింగులు పెట్టే డెస్కు మిత్రులకు,

నమస్కారం. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠం చెబుతాను. డాక్టర్ని కాను, డైటీషియన్ని కాను. ఎవరేం తినాలో చెప్పే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. కానీ మీ పేజీల్లో వచ్చే అంకెలు నా సబ్జెక్టు. తిండి గురించి మీరిచ్చే వార్తల్లో ఆ అంకెలు ఎలా నలిగిపోతున్నాయో చెప్పడానికే ఈ ఉత్తరం. ఏ ఒక్క పత్రికనో, చానెల్‌నో మనసులో పెట్టుకుని రాయడం లేదు. ఇందులో అందరికీ వాటా ఉంది. పైన హెడ్డింగులో అడిగిన 18 శాతం, ప్రాసెస్ చేసిన మాంసానికీ క్యాన్సర్‌కీ ముడిపెట్టిన వార్తలోది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

నా ఫిర్యాదేమిటో ముందే చెప్పేస్తాను. తిండి విషయంలో నమ్మదగ్గ సమాచారం దొరకడం లేదని జనం అనుకుంటున్నారు. నిజానికి అది ఉంది. చాలావరకు ఉచితంగానే ఉంది. ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా ఉంది. ఆ మారకపోవడమే దాని కొంప ముంచింది. మారనిది వార్త కాదు గనక మీ పేజీలోకి రాదు. నిన్న పుట్టి రేపటికి తేలిపోయేది మాత్రం పెద్దక్షరాల్లో వస్తుంది. ఏళ్లపాటు ఇదే చదివిన మనిషి చివరికి ఏమంటాడో మీరూ వినే ఉంటారు: "వాళ్లకే తెలీదండీ, పూటకో మాట చెబుతారు. మనకు నచ్చింది మనం తిందాం." అతన్ని తప్పుపట్టలేను. అతనికి అందింది ఆ పూటకో మాటే.

ముందుగా ఆ మారని సంగతే చెప్పుకుందాం. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఒక నివేదిక ఇచ్చింది. విడి చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదని, పండ్లూ కూరగాయలూ కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు ఉండాలని, ఉప్పు 6 గ్రాములకు మించకూడదని అందులో ఉంది. 2003లో ఆహార, వ్యవసాయ సంస్థతో కలిసి ఇచ్చిన నివేదికలో చక్కెర అదే 10 శాతం లోపు, పండ్లూ కూరగాయలూ అవే 400 గ్రాములు. ఉప్పు ఒక్కటి 5 గ్రాముల లోపుకి దిగింది. 2015లో చక్కెర మీద విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. 10 శాతం లోపు అన్నది గట్టి సిఫారసుగా నిలిచింది, వీలైతే 5 శాతం లోపుకి తగ్గించుకుంటే ఇంకా మేలన్నది షరతులతో కూడిన సూచనగా చేరింది. ఇన్నేళ్లలో జరిగిన మార్పు ఇంతే. పూటకో మాట అన్నది ఇందులో ఎక్కడుంది?

ఈ నాలుగు ముక్కల్లోనూ చదివేవాళ్లకు పనికొచ్చే వివరాలు బోలెడు. విడి చక్కెరల లెక్కలోకి మనం కలుపుకునే పంచదారతో పాటు తేనె, పళ్లరసం కూడా వస్తాయని ఎంతమందికి తెలుసు? పండుగా కొరికి తిన్నప్పుడు ఆ లెక్కలోకి రాని చక్కెర, రసం తీసి గ్లాసులో పోస్తే వస్తుంది. 400 గ్రాముల కూరగాయల్లో బంగాళాదుంప లాంటి పిండిదుంపలను కలపరని ఎంతమందికి తెలుసు? ఈ రెండు సంగతులూ మీ పేజీలో నాకెప్పుడూ కనబడలేదు. "ఉదయాన్నే ఇది తాగితే చాలు" అన్న రకం మాత్రం తరచూ కనబడుతుంది.

నిజంగా మారినవీ ఉన్నాయి. ట్రాన్స్ కొవ్వుల్నే ఉదాహరణగా చూడండి, నూనెల్ని వనస్పతిలా గట్టిపరిచినప్పుడు పుట్టే కొవ్వులివి. అవి చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచి మంచి కొలెస్టరాల్‌ని తగ్గిస్తాయని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు మనుషుల మీద చేసిన ప్రయోగంలో చూపించారు. ఆ తర్వాత వేరేచోట్ల, వేరే పద్ధతుల్లో చేసినవీ అదే దిక్కు చూపించాయి. 2003లో డెన్మార్క్ చట్టం చేసి హద్దు పెట్టింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఫ్యాక్టరీల్లో తయారయ్యే ట్రాన్స్ కొవ్వుల్ని ప్రపంచమంతటా లేకుండా చేయాలని పిలుపిచ్చింది. శాస్త్రంలో మార్పు వచ్చే తీరు ఇదీ. ఏళ్లు పడుతుంది, రుజువులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. సోమవారం అమృతమైంది శుక్రవారం విషమవడం శాస్త్రంలో దాదాపు జరగదు, పత్రికల్లో జరుగుతుంది.

ఇక మీరు వార్తగా వేసేవాటి సంగతి.

జొనాథన్ షోన్‌ఫెల్డ్, జాన్ అయనిడిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వంటల పుస్తకం తీసుకుని, అందులోంచి లాటరీ తీసినట్టు 50 దినుసులు ఎంచారు. ఒక్కో దినుసుకీ క్యాన్సర్‌కీ ముడిపెట్టిన అధ్యయనాలేమైనా ఉన్నాయా అని వెతికారు. 50లో 40కి దొరికాయి. 2013లో అచ్చయిన ఈ పేపరు తేల్చిందేమంటే, ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఫలానా దినుసు క్యాన్సర్‌ని పెంచుతుందనో తగ్గిస్తుందనో తీర్పు చెప్పేశాయి. కానీ ఆ అంచనాల్లో నాలుగింట మూడు వంతులకు గణాంక బలం, అంటే ఇది కాకతాళీయం కాదని చెప్పే ఆధారం, అంతంతమాత్రం, లేదా అసలే లేదు. విడివిడి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన మెటా ఎనాలిసిస్‌లకు వచ్చేసరికి ఆ ప్రభావాలు చాలావరకు కుంచించుకుపోయాయి. మీరు వేసేది ఎప్పుడూ ఆ విడి అధ్యయనాన్నే. కుంచించుకుపోయిన సంగతి ఎవరూ వేయరు.

ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని వార్త చేస్తే ఏమవుతుందో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు 2015లో కావాలనే చేసి చూపించాడు. జర్మనీలో కొందరు డాక్యుమెంటరీ వాళ్లతో కలిసి ఒక నిజమైన ప్రయోగమే చేశాడు. 15 మంది మనుషులు, మూడు గుంపులు, మూడు వారాలు. ఒక గుంపుకి పిండిపదార్థాలు తగ్గించిన భోజనంతో పాటు రోజూ చాక్లెట్ ఇచ్చారు. చాక్లెట్ తిన్నవాళ్లు త్వరగా బరువు తగ్గారని తేలింది. డబ్బు కడితే చాలు అచ్చేసే జర్నల్లో పేపరు వచ్చింది, దేశదేశాల పత్రికలు ఎత్తుకున్నాయి. జర్మనీలో ఒక పెద్ద పత్రికలో మొదటి పేజీ వార్త అయింది.

కిటుకు చాలా చిన్నది. వాళ్లు బరువొక్కటే కొలవలేదు. కొలెస్టరాల్, సోడియం, నిద్ర, మనసు బాగుందా లేదా, ఇలా 18 రకాల కొలతలు తీశారు. అసలు ఏ తేడా లేకపోయినా, ఒక్కో కొలతలో తేడా ఉన్నట్టు పొరపాటున తేలే అవకాశం 5 శాతం. 18 కొలతలు తీస్తే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, కనీసం ఒక్కదాంట్లోనైనా అలా తేలే అవకాశం దాదాపు 60 శాతం. మా డిగ్రీ పిల్లలు కాలిక్యులేటర్ లేకుండా చేయలేరేమోగానీ, చేయడం మాత్రం వస్తుంది. అంటే ఏదో ఒకటి తేలడం ఖాయం, ఏది తేలితే దాన్నే హెడ్డింగు చేయొచ్చు. ప్రయోగం ఎంతమంది మీద చేశారని తనను అడిగినవాళ్లు దాదాపు లేరని, ఆ అంకెని వార్తలో రాసినవాళ్లు అసలే లేరని బొహానన్ తర్వాత రాశాడు. ఎంతమంది మీద? ఈ రెండు మాటల ప్రశ్న అడిగుంటే ఆ వార్త అక్కడే ఆగిపోయేది.

ఆ పరిశోధనను ఒప్పుకున్న జర్నల్‌ని తిట్టడం తేలిక. కానీ ఆ జర్నల్ పేరు ఎవరు విన్నారు? చాక్లెట్ సంగతి కోట్లమంది దాకా వెళ్లింది దాని వల్ల కాదు.

ఇప్పుడు 18 శాతం సంగతికొస్తాను. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని, అంటే సాసేజ్, బేకన్ లాంటివాటిని, క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు కూడా ఆ గ్రూపులోనే ఉంది. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా ఇచ్చింది. ఇది 15 మంది మీద చేసిన ఆటలాంటిది కాదు. పది దేశాల నిపుణులు 800కు పైగా అధ్యయనాలు ముందేసుకుని చెప్పిన మాట. నేను దాన్ని కాదనడం లేదు. కానీ మర్నాడు హెడ్డింగులు ఎలా వచ్చాయి? సిగరెట్టూ ఇదీ ఒకటేనన్నట్టు వచ్చాయి.

ఆ గ్రూపులు చెప్పేది రుజువు ఎంత గట్టిదన్న సంగతే. హాని ఎంత పెద్దదో అవి చెప్పవు. ఆ సంస్థే తన ప్రశ్నలు, జవాబుల పత్రంలో ఈ తేడా విడమరిచింది. ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచంలో ఏటా 34,000 క్యాన్సర్ మరణాలు జరుగుతున్నాయని ఒక అంచనా ఉందని, పొగాకు వల్ల జరిగే క్యాన్సర్ మరణాలు 10 లక్షల దాకా ఉన్నాయని పక్కపక్కనే ఇచ్చింది. పత్రం అందరికీ అందుబాటులో ఉంది. తెరవడానికి ఒక్క నిమిషం.

మరి 18 శాతం దేనిమీద? ఒక ఊళ్లో బతుకంతా లెక్కేస్తే వందమందిలో ఐదుగురికి ఆ జబ్బు వస్తుందనుకుందాం. ఆ ఐదు మీద 18 శాతం. అంటే ఐదు కాస్తా 5.9 అవుతుంది. రోజూ 50 గ్రాములు తినే వందమందిలో ఇంచుమించు ఒక్కరు అదనం. ఈ మాట విని ఒకరు "అయితే మానేస్తాను" అనొచ్చు, ఇంకొకరు "అప్పుడప్పుడూ అయితే పర్లేదు" అనొచ్చు. రెండూ తెలిసి తీసుకున్న నిర్ణయాలే. ఒట్టి "18 శాతం" విన్నవాడు మాత్రం తనలాంటి వందమందిలో 18 మంది పడిపోతారనుకుంటాడు. నా క్లాసులోనే సగంమంది అలా అనుకున్నారు, వాళ్లు లెక్కలు చదివే పిల్లలు.

ఇదే 18 ఇంకో కథలోనూ ఉంది, అక్కడ దాని బరువు వేరు. కూరగాయలు, పండ్లు ఎక్కువ తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ (క్యారెట్‌కి ఆ రంగునిచ్చే పదార్థం) ఎక్కువ ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని 1980ల నాటికి అధ్యయనం మీద అధ్యయనం చెప్పింది. బీటా కెరోటిన్ మాత్రలు మింగితే సరిపోతుందిగా అనిపించడం సహజం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లను తీసుకుని, చీటీలేసినట్టు విడదీసి, సగంమందికి ఆ మాత్ర ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్న సగంలో 474 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. వేసుకోని సగంలో 402 మందికి. మాత్ర వేసుకున్నవాళ్లలో 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటి ఇంకో ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ.

ఒకే 18. మొదటిది, జనం తమంతట తాము తినేదాన్ని ఏళ్లపాటు గమనించి వేసిన అంచనా. ఎక్కువ మాంసం తినేవాడు పొగ కూడా తాగుతాడేమో, నడవడేమో అన్న చిక్కుల్ని లెక్కలతో విడదీయాలి, ఎంత విడదీసినా కొంత మిగులుతుంది. రెండోదాంట్లో ఎవరికి మాత్ర అన్నది చీటీ తేల్చింది గనక ఆ చిక్కులు రెండు గుంపుల్లోనూ సమానం. మీ పేజీలో ఈ రెండూ ఒకే సైజు అక్షరాల్లో "అధ్యయనంలో వెల్లడి" అన్న రెండు ముక్కల కింద వస్తాయి. ఆ రెండు ముక్కలూ కొట్టేసి, "ఏళ్లపాటు గమనించి చూశారు" అనో, "చీటీలేసి విడదీసి చూశారు" అనో, "ఎలుకల్లో చూశారు" అనో రాయండి. అంతే చోటు పడుతుంది.

అలాగని గమనించి చూసే అధ్యయనాలు దండగ అని తీర్మానించకండి, ఈమధ్య అదో ఫ్యాషనైంది. పొగాకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని మొదట తేల్చినవి అవే. అక్కడ తేడా 18 శాతం కాదు, ఎన్నో రెట్లు. తేడా అంత పెద్దదైతే ఆ మిగులు చిక్కులు దాన్ని మింగలేవు. తిండి విషయంలో తేడాలు సాధారణంగా చిన్నవి, పైగా "పోయిన ఏడాది వారానికి సగటున ఎన్నిసార్లు తిన్నారు?" అన్న ప్రశ్నపత్రాల మీద ఆధారపడినవి. మొన్నటి భోజనమే గుర్తులేని మనుషులం మనం.

తక్కువమంది మీద చేశారని ప్రతిదాన్నీ తీసిపారేయడమూ తప్పే. అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 2019లో కేవలం 20 మంది మీద చేసిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ 20 మందినీ నెలరోజులు పరిశోధనా కేంద్రంలోనే ఉంచారు. రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయనిది. ఏది ముందన్నది చీటీల ప్రకారం. రెండు రకాల్లోనూ వడ్డించినదాంట్లో శక్తి, చక్కెర, కొవ్వు, పీచు సరిసమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసినది పెట్టిన రోజుల్లో మనిషి సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నాడు, రెండు వారాల్లో కిలోకి కాస్త తక్కువ బరువు పెరిగాడు. రెండోది పెట్టినప్పుడు దాదాపు అంతే తగ్గాడు. మనుషులు తక్కువే, కానీ తిన్న ప్రతి ముద్దా తూకం వేశారు. రెండు వారాల్లో జరిగింది ఇరవై ఏళ్లకు వర్తిస్తుందా అన్నది ఈ ప్రయోగం చెప్పదు, ఆ మాట కూడా వార్తలో ఉండాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. గుండెజబ్బులకు కారణం కొవ్వా, చక్కెరా అన్న వాదన నడుస్తున్న రోజుల్లో, 1967లో ఒక పేరున్న వైద్య పత్రికలో హార్వర్డ్ శాస్త్రవేత్తల సమీక్షా వ్యాసం వచ్చింది. నేరం కొవ్వుదేనంది, చక్కెరని తేలిగ్గా వదిలింది. ఆ వ్యాసానికి డబ్బిచ్చింది చక్కెర పరిశ్రమ సంస్థేనని దాని పాత ఉత్తరాలు తవ్వి 2016లో బయటపెట్టారు. 1967లో అలాంటి సంగతి చెప్పాలన్న నియమం ఆ పత్రికకు లేదు, 1984లో వచ్చింది. ఇప్పుడు దాదాపు ప్రతి మంచి జర్నల్లోనూ వ్యాసం చివర ఎవరు డబ్బిచ్చారో ఉంటుంది. పరిశ్రమ డబ్బిచ్చినంత మాత్రాన ఫలితం అబద్ధం కానక్కర్లేదు. కానీ ఆ ఒక్క వాక్యం మీ వార్తలోకి ఎందుకు రాదు? వచ్చేది ప్రెస్ నోట్ నుంచి గనకా?

మీ స్టూడియోలో కూర్చునే నిపుణుల మాట కూడా ఇక్కడే. చాలా దేశాల్లో డైటీషియన్ అనిపించుకోవాలంటే దానికో చదువు, రిజిస్ట్రేషన్ కావాలి. న్యూట్రిషనిస్ట్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, బ్రిటన్‌లో చట్టమే అలా ఉంది. బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ మోసగాడని నా అర్థం కాదు. ఏం చదివారు, ఏం అమ్ముతారు అన్న రెండు సంగతులూ తెర మీద పేరు కింద వేయండి. ఒక పోషకం లోపిస్తే వచ్చే అనర్థాల్ని అరగంట వివరించిన పెద్దమనిషి, అదే పోషకాన్ని డబ్బాలో పెట్టి అమ్ముతున్నాడని చూసేవాళ్లకు తెలియాలి కదా.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది వేరొకటుంది. మంచి సలహానే సగం చెప్పడం.

మామూలు ఉప్పులో కొంతభాగం తీసేసి పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు మీద చైనా గ్రామాల్లో చాలా పెద్ద ప్రయోగం జరిగింది. 600 గ్రామాలు, 20,995 మంది, దాదాపు ఐదేళ్లు. పాల్గొన్నది అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి రక్తపోటు ఉన్నవాళ్లు. 2021లో ఫలితాలొచ్చాయి. ఆ ఉప్పు వాడిన గ్రామాల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. పద్ధతి గట్టిది, ఫలితం గొప్పది, వార్తగా వేయాల్సిందే. అయితే మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను ఆ ప్రయోగంలో చేర్చుకోలేదు. పాడైన మూత్రపిండాలు పొటాషియంని సరిగా బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికే రావచ్చు. కొన్ని రక్తపోటు మందులు కూడా ఒంట్లో పొటాషియంని నిలబెడతాయి. ఇప్పుడు చూడండి, రక్తపోటుకి మంచిదని ఈ వార్తను అందరికన్నా ఆత్రంగా చదివేదెవరు? ఏళ్లుగా రక్తపోటు ఉన్నవాళ్లు. వాళ్లలో మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు తక్కువేం ఉండరు, ఆ సంగతి తెలియనివాళ్లూ ఉంటారు. "మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇది వాడొద్దు" అన్న వాక్యం చోటు చాల్లేదని డెస్కులో ఎగిరిపోతే, మిగిలిన వార్త అంతా నిజమే అయినా ఒకరికి హాని చేస్తుంది.

ఈ వాక్యాన్ని చివరి పేరాలో పెట్టకండి. చివర్నించి కోసేస్తారని మీకే బాగా తెలుసు. మధుమేహానికి మందులు వాడుతూ ఉపవాసాలు చేసేవాళ్లకు, గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లకు, చిన్నపిల్లలకు సంబంధించిన సలహా ఏదైనా ఇంతే. ఎవరికి పనికిరాదో రెండో వాక్యంలోనే రావాలి.

తప్పు దిద్దుకోవడం గురించి కూడా ఒక మాట. స్పెయిన్‌లో 7,447 మంది మీద మధ్యధరా పద్ధతి భోజనం (ఆలివ్ నూనె, కూరగాయలు, బాదం లాంటివి ఎక్కువగా ఉండేది) గురించి చేసిన ప్రయోగం 2013లో వచ్చి ప్రపంచమంతా మోగింది. తర్వాత, కొన్నిచోట్ల మనుషుల్ని చీటీల ప్రకారం సరిగా విడదీయలేదని బయటపడింది. ఒకే ఇంట్లోవాళ్లను ఒకే గుంపులో వేశారు, ఒకచోట మొత్తం క్లినిక్‌ని ఒకే గుంపులో పెట్టేశారు. 2018లో పరిశోధకులే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలన్నీ మళ్లీ వేసి, మాట కాస్త తగ్గించి అదే పత్రికలో మళ్లీ ప్రచురించారు. ఫలితం మాత్రం పెద్దగా మారలేదు. నా దృష్టిలో శాస్త్రాన్ని నమ్మడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు. 2013లో ఆ వార్త వేసినవాళ్లలో 2018లో రెండోది వేసినవాళ్లెందరు? వేసినా ఏ మూలన?

దిద్దేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి. పాలకూరలో ఇనుము విషయంలో ఎవరో దశాంశ బిందువు తప్పుచోట పెట్టారని, అందుకే ఉన్నదానికన్నా పది రెట్లు ఎక్కువ ఉందని లోకం నమ్మిందని ఒక కథ ఉంది. 1981లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చాక బాగా ప్రచారమైంది. నేనూ క్లాసులో ఉదాహరణగా విన్నదే. మైక్ సట్టన్ అనే పరిశోధకుడు 2010లో దాని మూలం వెతికితే, ఆ బిందువు కథకే ఆధారం దొరకలేదు. భ్రమను బద్దలుకొట్టే వ్యాసాల్లో ఆ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ల మాటకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1945లో అమెరికా ఆహార, పోషకాహార బోర్డు పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందని రాసింది. దాని వెంటనే, ఇందులో ఎక్కువ భాగం తినే ఆహారంలోనే ఉంటుందని కూడా రాసింది. మొదటి వాక్యం బతికింది, రెండోది పోయింది. ఆ సలహా పుట్టింది అక్కడేనని ఖాయంగా చెప్పలేంగానీ, వాక్యాలు ఎక్కడ తెగుతాయో చూపించడానికి ఇది చాలు.

అయితే మమ్మల్నేం చేయమంటారు అని మీరడగొచ్చు. రోజూ పేజీ నిండాలి, పోటీ ఉంది, ఒక్కో డెస్కులో ఇద్దరే మిగిలారు, ఆ ఇద్దరే సినిమా పేజీ కూడా చూస్తారు. నాకు తెలుసు. కాబట్టి పెద్ద పెద్ద కోరికలేమీ కోరను. కొత్త అధ్యయనం వచ్చినరోజు, అదే ప్రశ్న మీద అంతకుముందు ఏం తేలిందో ఒక్క వాక్యం వెతకండి. 1993లో మొదలైన కోక్రేన్ అనే సంస్థ ఇలాంటి ప్రశ్నల మీద దొరికిన ప్రయోగాలన్నీ కూడగట్టి సమీక్షలు రాస్తుంది, కంపెనీల డబ్బు తీసుకోదు. ప్రతి సమీక్షకీ మామూలు మనిషికి అర్థమయ్యే సారాంశం ఉంటుంది, అది ఉచితం. రుజువు ఎంత గట్టిదో కూడా అందులోనే రాస్తారు. చాలాసార్లు అక్కడ కనబడేది "ఖచ్చితంగా చెప్పలేం" అన్న జవాబే. దాన్ని కూడా వార్తగా వేయండి. ఖచ్చితంగా తెలియదని తెలిస్తే, ఆ డబ్బా కొనకుండా ఆగేవాళ్లుంటారు.

శాతం రాసినచోట, వందమందిలోనో వెయ్యిమందిలోనో ఎంతమంది నుంచి ఎంతమందికి మారిందో రాయండి. "దీనికి బదులు ఏం తిన్నవాళ్లతో పోల్చారు?" అని అడగండి, ఎందుకంటే తిండిలో ఒకటి తగ్గితే ఇంకొకటి పెరుగుతుంది. కొవ్వు తగ్గించి ఆ ఖాళీలో చక్కెర నింపుకున్నవాడి కథ, గింజలు నింపుకున్నవాడి కథ ఒకటి కాదు. ఏడాదికోసారైనా, ఆ ఏడాది మీరు వేసిన తిండి వార్తల్లో ఏవి నిలిచాయి, ఏవి పోయాయి అని ఒక పేజీ కేటాయించండి. చదవరనుకోకండి, నేనైతే అదే ముందు చదువుతాను. ఉప్పు, చక్కెర, కూరగాయలు, ట్రాన్స్ కొవ్వు అనే ఆ చప్పటి సంగతుల్ని కూడా వంకలు మార్చి మార్చి వేస్తూ ఉండండి. ఒకసారి ప్యాకెట్ వెనక లేబుల్ చదవడంగా, ఒకసారి పళ్లరసం లెక్కగా, ఇంకోసారి మూత్రపిండాల డాక్టరు మాటగా. సినిమా తార పెళ్లిని ఆరు రోజులు ఆరు రకాలుగా వేయగలిగిన చేతులకు ఇదేమంత కష్టం?

చివరిగా ఒక ప్రతిపాదన. అంకెలు సరిచూసే మనిషి మీ డెస్కులో లేకపోతే, మీకు దగ్గర్లో ఉన్న కాలేజీలో స్టాటిస్టిక్స్ విభాగానికి ఫోన్ చేయండి. అసలు పేపరు, మీరు పెట్టబోయే హెడ్డింగు పంపండి. ఎంతమంది మీద చేశారు, దేంతో పోల్చారు, శాతం దేనిమీద, డబ్బు ఎవరిది అన్నవి చూసి అదే సాయంత్రం పేజీ వెళ్లేలోపు చెప్పగలిగినవాళ్లు ప్రతి విభాగంలోనూ ఒకరిద్దరుంటారు. ఫీజు అడగరు. మా పిల్లలకైతే అది మేమిచ్చే హోంవర్కు కన్నా మంచి హోంవర్కు. మా విభాగం తరఫున నేను సిద్ధం, పరీక్షల వారం తప్ప.

ఇట్లు,
మీ ఆరోగ్యం పేజీని వదలకుండా చదివే ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్